బల్ల మీద రెండు జగ్గులు

ప్రభు బల్లకి ద్రాక్షరసం తీసే పని పదకొండేళ్ళుగా నాది. మా గుడిలో నెలకోసారి, మొదటి ఆదివారం బల్ల ఉంటుంది, యేసు ప్రభువు పేరున అందరం రొట్టె విరుచుకుని రసం తాగుతాం. శనివారం పొద్దున్నే నల్ల ఎండుద్రాక్షని రెండు నీళ్ళలో కడిగి, మరిగిన నీళ్ళలో నానబెడతాను. మధ్యాహ్నానికి అవి ఉబ్బుతాయి. చేత్తో పిసికి, తెల్లగుడ్డలో వేసి పిండి, ఒక పొంగు రానిచ్చి, చల్లారాక స్టీలు జగ్గులో పోసి మూత పెడతాను. సంఘం మొత్తానికి ఒకటే జగ్గు. నలభై ఏడు మందిమి. గ్లాసులు బొటనవేలంత ఉంటాయి కాబట్టి ఇంకా మిగులుతుంది కూడా.

ఆ శనివారం పాస్టరు యువరాజు గారు మా గుమ్మం ముందు బండి ఆపి, దిగకుండానే, "అమ్మా, ఈసారి రెండు జగ్గులు తియ్యాల" అన్నారు. ఆయనది టెక్కలి. మా గుడికి వచ్చి మూడేళ్ళయింది.

"జనం పెరిగినారేటి అయ్యగారూ?"

"జనం పెరగలేదమ్మా. ఒకటి మీ వీధోళ్ళకి, ఒకటి ఆ వీధోళ్ళకి. మీ సేతి రసం తాగమంటే తాగమని ఆ వీధి పెద్ద కిరణ్ కుమార్ వాళ్ళు పట్టుబట్టినారు."

"మరి ఆల్లే తీసుకోవచ్చు కదా?"

పాస్టరు గారు బండి అద్దం సవరించుకున్నారు. "వాళ్ళకి తియ్యడం రాదమ్మా. అందుకే, రెండూ మీరే తీసి ఉంచండి. వాళ్ళావిడ ఎనక దోవన వచ్చి ఒకటి పట్టుకెళ్తాది. రేపు తన సేత్తో తెచ్చి బల్ల మీద పెడతాది. వాళ్ళు తీసినట్టే ఉంటాది. ఎవరికీ సెప్పకండి. సంఘంలో గొడవల్లేకుండా, సమాధానం కోసమే కదా."

నాకు ఆ మాట మింగుడు పడలేదు. కానీ తలూపాను.

ఎందుకు మింగుడు పడలేదో చెప్పాలి. మా అత్త రోజుల్లో టీ బడ్డీలో మాకు వేరే గ్లాసు ఉండేది. చూరులో దోపి ఉండేది. మేమే తీసుకుని, తాగి, మేమే కడిగి, మళ్ళీ చూరులోనే పెట్టాలి. ఆ గ్లాసు మీద అసహ్యంతోనే మా అత్త ఈ గుడిలో కాలు పెట్టింది. ఇక్కడ అందరికీ ఒకే పాత్రలోంచి పోస్తారని విని, అది నిజమో కాదో చూద్దామని వచ్చి, చూసి, ఉండిపోయింది. ఇప్పుడు ఆ గుడిలోనే మాలో మాకు రెండు జగ్గులు. పెట్టింది బయటివాళ్ళు కాదు. మేమే.

ఇదంతా ఎవరికోసం? మా ఊళ్ళో ఇద్దరు పెద్దమనుషులున్నారు, జగదీశ్వరరావు, భానుమూర్తి. ఇద్దరికీ కొబ్బరితోటలూ జీడితోటలూ ఉన్నాయి. ఇద్దరూ వరసకి బావాబావమరుదులు. పెళ్ళిళ్ళలో ఒకే పంక్తిలో కూర్చుని తింటారు. వాళ్ళిళ్ళకి మేము వెళితే ఇద్దరూ మమ్మల్ని అరుగు దగ్గరే నిలబెడతారు. అందులో మాత్రం ఇద్దరికీ తేడా లేదు. పంచాయితీ ఎన్నికలు రాగానే మా పై వీధి జగదీశ్వరరావు పక్షం, కింద వీధి భానుమూర్తి పక్షం అయిపోతాయి. ఒకరి పెళ్ళికి ఒకరు వెళ్ళరు. ఒకరి శవం లేస్తుంటే ఒకరు తలుపు వేసుకుంటారు. గుడిలో మధ్యనున్న నడవ మా ఊరికి సరిహద్దు అయిపోయింది. ఎడమ చాపలు కింద వీధివాళ్ళవి, కుడి చాపలు మావి.

మొన్నటి ఎన్నికలో భానుమూర్తి మనిషి నెగ్గాడు. మర్నాడు మిట్టమధ్యాహ్నం ఊరేగింపు తీశారు. డీజే పెట్టిన ట్రాక్టరు ఓడిన మా వీధిలోకే కావాలని వచ్చింది. మా సంఘంలోని హేమ అనే పిల్ల ఇంటి ముందు అరగంట ఆగింది. లోపల హేమ తండ్రి పడుకుని ఉన్నాడు. మా ఉద్దానంలో ఇంటింటా ఉన్న కిడ్నీ జబ్బే ఆయనదీ. ముందురోజే పలాస తీసుకెళ్ళి డయాలసిస్ చేయించి తెచ్చారు. గోడలు అదిరిపోతుంటే ఆయన రెండు చెవులూ మూసుకుని వణికాడు. తొమ్మిదో రోజున పోయాడు. జబ్బుతోనే పోయాడని అందరికీ తెలుసు. అయినా మా వీధి ఆ చావుని ట్రాక్టరు మీద వేసింది.

ఆ ఊరేగింపులో ఎర్రమ్మ ఉంది.

ఎర్రమ్మ కింద వీధి మనిషి. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. పలాసలో జీడిపప్పు కార్ఖానాలో ఇద్దరం పక్కపక్కన కూర్చుని పప్పు పొట్టు తీసేవాళ్ళం. ఆమె ఐదు చదివింది. నేను బడి మొహం చూడలేదు. మా ఆయన పోయిన ఏడు, నా యాభై రెండేళ్ళ వయసులో, ఆమె పొట్టు తీసే రేకు మీద వేలితో గీసి నాకు అక్షరాలు నేర్పింది. ఆమె మొగుడూ, నా మొగుడూ ఒకే జబ్బుతో రెండేళ్ళ తేడాలో పోయారు. ఇప్పుడు గుడిలో ప్రతి ఆదివారం బైబిలు వాక్యం చదివేది నేను. నేను చదువుతుంటే ఎర్రమ్మ ఎడమ చాప మీద కూర్చుని పెదాలు కదుపుతుంది, నేను తడబడితే అందించడానికి.

ఆ ఊరేగింపులో ఎవరో ఫోనులో తీసిన వీడియో మా వీధిలో అందరి దగ్గరా ఉంది. పన్నెండు సెకన్లు. హేమ వాళ్ళింటి ముందు ట్రాక్టరు, దాని పక్కన చెయ్యి పైకెత్తిన ఎర్రమ్మ. అంతే. నేనే ఇరవై సార్లు చూసుంటాను. చూసిన ప్రతిసారీ ఆమె మీద ఇంకొంచెం రోత పుట్టింది. ఆ రోత బాగుండేది కూడా. ఓడిపోయినవాళ్ళకి అదొక భోజనం.

మా వీధి తరఫున సంఘపెద్ద త్రినాథరావు పాస్టరు గారి మీద పట్టుపట్టాడు, ఎర్రమ్మని మూడు నెలలు బల్లకి దూరం పెట్టాలని. నాకు మరిది వరస అతను.

"ఆ ఈదోళ్ళు ఒప్పుకున్నారా అయ్యగారూ?" అని నేను ఆ శనివారం అడిగాను.

"ఒప్పుకున్నారమ్మా. జగ్గు వేరే పెడితే సాలన్నారు. ఎర్రమ్మ గారి సంగతికి కిరణ్ కుమార్ అడ్డు సెప్పలేదు."

తన మనిషిని తనే ఒక జగ్గు కోసం వదిలేశాడు. "ఎర్రమ్మప్పని ఎవులైనా అడిగినారా, ఏటయినాదని?"

"వీడియో ఉంది కదమ్మా" అని బండి స్టార్టు చేశారు.

నేను రెండు జగ్గులు తీశాను. ఒకే గిన్నెలో నానబెట్టి, ఒకే గుడ్డలో పిండి, రెండింటిలో పోశాను. సాయంత్రం కిరణ్ కుమార్ భార్య పెరటి దోవన వచ్చి, కొంగు చాటున ఒకటి పట్టుకెళ్ళింది. "వొదినా, పంచదార ఏసినావేటి?" అని మాత్రం అడిగింది. ఎర్రమ్మ ఇల్లు మా ఇంటికి నూరు అడుగులు. వెళ్ళి అడగొచ్చు. చెప్పులు కూడా వేసుకున్నాను. త్రినాథరావు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చూస్తాడని మళ్ళీ విప్పేశాను.

ఆదివారం బల్ల మీద తెల్లదుప్పటి పరిచి, దాని మీద రెండు జగ్గులు పెట్టారు. ఎడమ చాపల్లో ఒకావిడ తన పక్కావిడతో, "మనది సిక్కగున్నాది, సూడు. ఆల్ల దాంట్లో నీలే" అంటోంది. నాకు వినపడేటట్టే అంది. నవ్వు రాలేదు.

పాట అయ్యాక పాస్టరు గారు జేబులోంచి కాగితం తీసి చదివారు. సంఘ క్షేమం కోసం, సమాధానం కోసం, ఎర్రమ్మ గారు మూడు నెలలపాటు బల్లలో పాలుపొందకుండా వెనక కూర్చోవాలని ఉంది అందులో. ఎవరూ ఎర్రమ్మ వైపు చూడలేదు. ఆమె లేచింది. పాటల పుస్తకం చంకలో పెట్టుకుంది, చాప చుట్టుకుంది, తలుపు దగ్గరికి వెళ్ళి మళ్ళీ పరచుకుని కూర్చుంది.

మా గుడిలో బల్లకి ముందు ఒక ఆచారం ఉంది. పాతకాలం పాస్టర్లు పెట్టింది. ఎవరికి ఎవరిమీద కోపం ఉన్నా లేచి వాళ్ళ దగ్గరికి వెళ్ళి సమాధానపడాలి. పడలేకపోతే ఆ నెల బల్ల ముట్టకూడదు. మా అత్త రోజుల్లో దానికి గంట పట్టేదట. కొట్లాటలూ ఏడుపులూ అన్నీ అక్కడే అయ్యేవట. ఇప్పుడు అర నిమిషం. ఎవరి పక్కన వాళ్ళకి చెయ్యి ఇచ్చి, వందనాలు అనుకుని కూర్చుంటాం. పక్కనున్నవాళ్ళు ఎలాగూ మన పక్షమే.

"సమాధానపడదాం" అన్నారు పాస్టరు గారు. అందరూ చేతులు ఇచ్చుకున్నారు. కుడివాళ్ళు కుడివాళ్ళకి, ఎడమవాళ్ళు ఎడమవాళ్ళకి. తరవాత నేను వాక్యం చదవాలి. లేచాను. పుస్తకం తెరిచాను. పెదాలు కదిపే మనిషి ఎడమ చాప మీద లేదు.

పుస్తకం మూసి, నడవ వెంట వెనక్కి నడిచాను.

"అప్పా" అన్నాను. "ఆ దినం ఏటయినాది?"

ఎర్రమ్మ తలెత్తింది. "ఏ దినం?"

"ఊరేగింపు దినం. నాను అడగనేదు. ఇప్పుడు అడుగుతన్నాను."

"నెల్లాళ్ళకి గుర్తొచ్చినానేటి? ఫోను సూసినావు కదా, సాల్లేదేటి?"

"అందులో పన్నెండు సెకన్లే ఉన్నాదప్పా."

"మిగిల్నది ఇంటావా? నీకు నచ్చనిదైనా ఇంటావా?"

త్రినాథరావు లేచాడు. "అయ్యగారూ, బల్లకి టైమైపోతంది. ఈ పంచాయితీ తరవాత పెట్టుకోమనండి."

"ఉండు మావా" అంది హేమ. తండ్రి పోయాక ఆ పిల్ల గుడిలో నోరు తెరవడం అదే మొదలు. "మా అయ్య సంగతి. నాను ఇంటాను."

ఎర్రమ్మ లేచి నిలబడింది.

"ఎల్లినాను. ఎగిరినాను కూడా. మా వోళ్ళు నెగ్గక శానా ఏళ్ళయినాది, సంబరమే, దాసీడమెందుకు? మీరు నెగ్గినప్పుడు మీరు ఎగరనేదేటి? హేమోళ్ళ ఇంటి కాడికి వొచ్చినాక గుర్తొచ్చినాది, లోపల మనిషి ఉన్నాడని. డీజే గుంటడికి సెయ్యెత్తి ఆపమన్నాను. ఫోనులో ఉన్నది ఆ సెయ్యే. ఆడు ఆపనేదు. కిరణు నా కాసి సూసి, 'ఏటే ముసలీ, ఆల్లకి అమ్ముడుపోనావేటి?' అన్నాడు."

ఎడమ చాపల్లో కలకలం. కిరణ్ కుమార్, "అబద్ధం! నానలా అన్నేదు" అని అరిచాడు. "గుడిలో మన పరువు తీయడానికి నేర్పించినారు దీనికి."

"నాకెవులు నేర్పుతారు బాబూ, నానే నలుగురికి నేర్పినాను" అంది ఎర్రమ్మ, అతని వైపు చూడకుండానే. "అప్పుడు నానేటి సేసినానో అదీ సెప్పీత్తాను. ఇంటికి ఎల్లిపోవాల. ఎల్లనేదు. ఆల్లెనకాలే నడిసినాను. సివర్న సమోసాలు పెట్టినారు. తిన్నాను."

"ఎందుకు నడిసినావు పిన్నీ?" అని అడిగింది హేమ.

"బయమేసినాది. ఇంకోటి, నెగ్గినోళ్ళ మద్దిన ఉండడం బాగున్నాదమ్మా. అదే నా తప్పు. ఆ తప్పుకి నన్ను బల్ల కాడి నుంచి తోసీమంటే తోసీయండి. ఎగిరినందుకు మాత్రం కాదు."

హేమ ఎర్రమ్మ వైపే చూసింది. క్షమించినట్టు లేదు, కోపంగానూ లేదు. విన్నట్టుంది.

నేను తిరిగి రాబోయాను. అడగాల్సింది అడిగేశానని, నా పని అయిపోయిందని అనుకున్నాను. నిజం చెప్పాలంటే నా మీద నాకు కొంచెం మంచి అభిప్రాయం కూడా కలిగింది.

"ఆగు సెల్లీ" అంది ఎర్రమ్మ. "నాను సెప్పినాను. ఇప్పుడు నాను అడుగుతాను. ఐదేళ్ళు ఎనక్కి ఎల్దాం. మీ ఇంటాయనా, మా ఇంటాయనా బతికున్నప్పటి మాట. మీ వోళ్ళు నెగ్గిన ఏసంగిలో మా ఈదికి ఇరవై రెండు దినాలు నీలు రానేదు. మోటారు పాడైనాదన్నారు. ట్యాంకు పని మీ ఇంటాయనదే. మోటారు పాడైనాదేటి?"

ఐదేళ్ళంటే ఆమె లెక్క తప్పింది. పదమూడేళ్ళు. అంత ముందు సంగతిని ఆమె నిన్న మొన్నటిదిలా మోస్తోంది, అంతే. నేను దిద్దలేదు.

మోటారు పాడవలేదు. ట్యాంకు నుంచి రెండు వీధులకీ రెండు వాల్వులు. వాటిని తిప్పే ఇనప పానా ఒకటే. జగదీశ్వరరావు మనుషులు చెప్పగానే మా ఆయన కింద వీధి వాల్వు కట్టేసి, ఎవరూ తిప్పకుండా ఆ పానా ఇంటికి తెచ్చేశాడు. క్యాలెండరు పక్కన మేకుకి తగిలించాడు. మేకు కొట్టింది నేను. ఇరవై రెండు రోజులు దాని కిందే వంట చేశాను. బోరు నీళ్ళతోనే కిడ్నీ జబ్బు వస్తుందని మా వైపు అందరికీ భయం. ఎర్రమ్మ మొగుడు వాచిన కాళ్ళతో సైకిలుకి రెండు డ్రమ్ములు కట్టుకుని, పక్క ఊరి కుళాయికి మా గుమ్మం ముందునుంచే వెళ్ళేవాడు. నేను చూసేదాన్ని. తలుపు దగ్గరికి వేసేదాన్ని. ఆ నెల గుడిలో త్రినాథరావు లేచి, ప్రభువు మన పక్షాన నిలిచాడని సాక్ష్యం చెప్పాడు. ఆమెన్ అని గట్టిగా అన్నవాళ్ళలో నేనున్నాను. అదే ఆదివారం ఎర్రమ్మా, ఆమె మొగుడూ మా అందరితోపాటు బల్లకి వచ్చారు. ఒక్కరూ వాళ్ళని ఏమీ అడగలేదు.

"పాడవ్వనేదు" అన్నాను. "పానా మా ఇంట్లోనే ఉండీది. మేకుకి."

"వొదినా!" త్రినాథరావు కేక వేశాడు. "పోయినోడి పరువు తీత్తావేటి? ఎవులు అడిగినారని?"

"ఆవిడే అడిగినాది మరిదీ. పోయినోడిది కాదు, నా పరువే. నీకు కూడా తెలుసు కదా."

అతను పాస్టరు గారి వైపు తిరిగాడు. పాస్టరు గారు జగ్గుల వైపు చూస్తున్నారు.

ఎర్రమ్మ తల ఊపింది. "నాకు ఎప్పుడో తెలుసు. నీ నోట ఇందామనే ఉన్నాను."

పాస్టరు గారికి ప్రాణం లేచి వచ్చింది. "దేవునికి స్తోత్రం! ఇద్దరూ ఒప్పుకున్నారు, ఇద్దరూ సమాధానపడినట్టే. సెయ్యి కలపండమ్మా. ఎర్రమ్మ గారూ, మీరూ ముందుకి రండి. ఆ కాగితం ఇంక వద్దులెండి."

"లేదయ్యగారూ" అంది ఎర్రమ్మ. "సమాధానపడనేదు. ఇన్నాను, అంతే. ఆవిడ మీద నాకు కోపమున్నాది, శానా ఉన్నాది. ఈ నెల నాను ముట్టను. మీ కాగితానికి కాదు."

"నానూ ముట్టను" అన్నాను. "ఇంకోటి అయ్యగారూ. ఆ రెండు జగ్గులూ ఒక గిన్నిలోయే. రెండూ నాను తీసినయే."

కిరణ్ కుమార్ భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇప్పుడైనా ఎవరో ఒకరు సిగ్గుపడి లేస్తారనుకున్నాను. కోపంతో లేచినా బాగుండేది. ఎవరూ లేవలేదు. పాస్టరు గారు గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నారు. ఎడమవాళ్ళు ఒక వరుస, కుడివాళ్ళు ఒక వరుస కట్టారు. ఎడమ వరుసకి ఎడమ జగ్గులోంచి, కుడి వరుసకి కుడి జగ్గులోంచి పోశారు. నేను చెప్పిన మాట ఎవరి చెవినా పడనట్టే కళ్ళు మూసుకుని తాగారు. త్రినాథరావు తాగాడు. కిరణ్ కుమార్ తాగాడు, మూతి కూడా తుడుచుకున్నాడు. మాట అనలేదన్నవాడు, సంగతి తెలిసీ దాచినవాడు, చూసీ మాట్లాడనివాళ్ళు, అందరికీ బల్ల దొరికింది. హేమ వరుసలోకి వెళ్ళలేదు. తన చాప మీదే కూర్చుంది.

నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. బయట మెట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి ఎర్రమ్మ చాప చుట్టుకుని వచ్చి, అదే మెట్టు మీద, మనిషి పట్టేంత దూరం వదిలి కూర్చుంది. నేల మీద ఎండ కొబ్బరాకుల మధ్యనుంచి గీతలు గీతలుగా పడుతోంది.

"వాక్యం సదవనేదు నువ్వు" అంది.

"నోరు రానేదు."

"తప్పులు సెప్పడానికి మాత్రం వొచ్చినాది."

నేను నవ్వలేదు. ఆమె కూడా నవ్వించడానికి అనలేదు. లోపల రెండో పాట మొదలైంది. నాకు ఇంకొకటి అడగాలని ఉంది. అడిగితే వచ్చే జవాబంటే భయంగానూ ఉంది.

"అప్పా, ఆ ఇరవై రెండు దినాలు ఎలాగ ఎల్లదీసినారు?"

ఎర్రమ్మ నా మొహంలోకి చూసింది. "సెప్తే మద్దిన లేసి పోవు కదా?"

"పోను."

"నీ మొగుడిని తిడతాను. నిన్నూ తిడతాను."

"తిట్టు."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మొదటిరోజు బిందె కుళాయి కింద పెట్టి ఎంతసేపు కూర్చుందో అక్కణ్ణుంచి. ఎక్కడా తొందరపడలేదు. నాలుగోరోజు సంగతి చెబుతుండగా ఆశీర్వాదం అయిపోయి జనం బయటికి వచ్చారు. ఎడమవాళ్ళు ఎడమవైపు నుంచీ, కుడివాళ్ళు కుడివైపు నుంచీ మమ్మల్ని తప్పుకుంటూ మెట్టు దిగి వెళ్ళిపోయారు. మేము లేవలేదు. ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి.